వెలగని టార్చిలైటు

నాకు పెళ్లయిన కొత్తల్లో, ఎమ్మిగనూరు బస్సులో ఒక నిండు చూలాలు నా పక్కన కూర్చుంది. ఆదోని దాటకముందే కిటికీలోంచి రెండు మూడుసార్లు ఉమ్మింది. ఉమ్మిలో నెత్తురు, చీము. ఆ వాసన నా దాకా కొట్టింది. ఆమె దవడ ఒకవైపు బాగా వాచి ఉంది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుంది?" అని అడిగాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "నెల తప్పినప్పట్నుంచి, అక్కా. ఏపపుల్ల కడుపుకు ఏడి సేస్తాదని మా అత్త ముట్టనీలేదు. ఉత్త నీళ్లు పుక్కిలిస్తాండా."

"డాక్టరుకు చూపించలేదా?"

"ఇప్పుడు ఆన్నుంచే వస్తాండా. నెలనెలా పోతాను. డాక్టరమ్మ కడుపు నొక్కి సూస్తాది, టానిక్కు రాస్తాది. నోరు తెరువమని ఒగనాడన్నా అనలేదు. నేను మాట్లాడితే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటాది."

మెల్లగా అంది. "వాసన తెలిసినామెకు పుండు యాడుందో సూడాలనిపీలేదు."

ఆ డాక్టరమ్మ ఎవరో అడిగి తెలుసుకున్నాను. ఆ చూలాలు దారిలో ఒక ఊరి దగ్గర దిగిపోయింది. ఇంటికెళ్లి తలస్నానం చేస్తే ఆ వాసన పోయింది. ఆ ముక్కుగుడ్డ మీద అసహ్యం మాత్రం పోలేదు.

తర్వాత నాకు నెల తప్పినప్పుడు పనిగట్టుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయాను. ఆమె నా కడుపు మీద చెయ్యి వేయబోతే నేను నోరు తెరిచాను. తెరిచి అట్లాగే పడుకున్నాను. డాక్టరమ్మ అడిగిన టార్చిలైటు కాంపౌండరు వెతికి తెచ్చేసరికి నా దవడలు నొప్పెట్టాయి.

తీరా నొక్కితే అది వెలగలేదు.