మాటల్లేని రికార్డు

అమ్మ పోయి నెలన్నరైనా నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర రాలేదు, జ్ఞాపకార్థ కూడికలోనూ రాలేదు. "దానిది రాతిగుండె" అని మా పిన్ని నలుగురిలో అంది. కోపం కూడా రాలేదు. బడికి వెళ్ళి లెక్కలు చెప్పి, పటమటలో అమ్మా నేనూ అద్దెకున్న వాటాకు తిరిగొచ్చి, ఒక్కదానికే వండుకునేదాన్ని. కూరలో ఉప్పు పడిందో లేదో తినేటప్పుడు కూడా తెలిసేది కాదు.

డెబ్భైల చివరి రోజులవి. మిషను ఆసుపత్రి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ రికార్డు ప్లేయరు, నాలుగు రికార్డులు నాకిచ్చింది. అందులో ఒకటి పాతకాలపు సంగీతం కాదు, అప్పటి వాళ్ళెవరో కొత్తగా కట్టింది. పాట లేదు. పియానో మీద ఒక మెట్టు నొక్కి, రెండోది నొక్కాలా వద్దా అని చాలాసేపు ఆలోచిస్తారు. ఆ సందులో వయొలిన్లు సన్నగా అందుకుంటాయి. ఎక్కడికీ పోయే తొందర ఉండదు. నన్ను ఏడవమని అడగనిది అదొక్కటే. రోజూ కిటికీలు మూసుకుని వినేదాన్ని.

ఒక సెలవు రోజు పొద్దున ఆ రికార్డు తిరుగుతుండగానే ఉక్కకు తాళలేక కిటికీ తెరిచాను. ఆ రోజుల్లో పెద్ద నాయకుడెవరైనా పోతే రేడియోలో సినిమా పాటలు ఆపేసి, రోజంతా ఇలా వాయిద్యాలే వేసేవారు. పక్క వాటాలో ఉండే ఇల్లుగలావిడ అదే అనుకుంది. ఆటోనగర్ షాపుకు బయల్దేరిన భర్తను ఆపేసింది. ఆ మాట విని సందు చివర కిరాణా కొట్టాయన తలుపు సగం వేశాడు. అప్పుడావిడ చేతులు తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"టీచరుగారూ, ఎవరు పోయారండీ? మా రేడియోలో బ్యాటరీలు అయిపోయినయ్యి. మంత్రిగారేనా?"

"మా అమ్మ పోయిందండీ," అన్నాను.

రేడియో కాదు, రికార్డు అని చెప్పబోయి అలా అనేశాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పే పని పడలేదు.

ఆవిడకూ తెలుసు. అమ్మ పోయిన రోజు మాకు క్యారియర్లో అన్నం పంపింది ఆవిడే. అయినా అప్పుడే విన్నట్టు గుమ్మంలో చతికిలబడి, "అయ్యో తల్లీ" అని ఏడ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ మీద అసూయ కలిగింది.

రికార్డు అయిపోయింది. ఆవిడ పమిటతో ముక్కు తుడుచుకుంది.

"మీరు ఏడవరేమండీ?"

"రావట్లేదండీ."

గుమ్మంలోనే ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"పోనీ, మళ్ళీ పెట్టండి. మీ వంతు కూడా నేనే ఏడుస్తా."