గైర్‌హాజరైన పదులు

శిక్షణ మొదటి రోజు హాజరైనవారు, హాజరైనవి: కన్నడ సీమలో సిరవార దగ్గర ఉపకాలువ మీద పనిచేసే గేజీ మనుషులు ఆరుగురు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఓవర్సీరును నేను. కాలువ కట్ట మీద రేకుల షెడ్డు ఒకటి. కొలత టేపు ఒకటి. నీళ్లలోంచి పీకేసిన పాత గేజీ పలక ఒకటి, అడుగులు, అంగుళాలు గీసి ఉన్నది. హాజరు పట్టీ ఒకటి. నేను సొంతంగా తయారుచేసిన చెక్కడబ్బా ఒకటి, అందులో టార్చి సెల్లులు రెండు, బల్బు ఒకటి. గైర్‌హాజరు ఎవరూ లేరు.

ఈ జాబితా నా పాత నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది. రాసి ఏడేళ్లయింది. ఈమధ్య ఇంకో డివిజనులో పనివాళ్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించి, గోడ మీద స్లైడ్లు చూపే యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని పెట్టెలోంచి తీస్తుంటే ఆ షెడ్డు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఎండకు రేకులు టక్కుమనే చప్పుడు, తడి మట్టి వాసన, అవతల వరి మడుల్లో ఎవరిదో ట్రాక్టరు ఆగి ఆగి మోగడం. అప్పటి నా జీవితంలో అంత స్పష్టంగా గుర్తున్న పది రోజులు వేరే లేవు.

గేజీ మనిషి పని చెప్పడానికి చిన్నది. రోజుకు రెండుసార్లు, కాలువలో నిలబెట్టిన పలక మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, చీటీ మీద రాసి ఆఫీసుకు పంపాలి. ఆ అంకెను బట్టి ఎగువన నీళ్లు వదిలే తలుపులు ఎత్తడమో దించడమో చేస్తారు. ఆ ఏడాది అడుగుల పలకలు తీసేసి మీటర్ల పలకలు పెట్టారు. నెల తిరక్కుండానే తప్పు జరిగింది. ఆరుగురిలో పెద్దాయన పంపిన చీటీలో 1-5 అని ఉంది. ఆఫీసులో దాన్ని ఒకటిన్నర మీటర్లని చదివారు. నీళ్లు మరీ ఎక్కువయ్యాయని తలుపు దించారు. కాలువ చివరి పొలాల వరికి రెండు రోజులు నీళ్లందలేదు.

దాంతో ఉత్తర్వు వచ్చింది. పది రోజుల శిక్షణ, పదో రోజు ఇంజనీరుగారి పరీక్ష. తప్పినవాళ్లు గేజీ వదిలి, పూడిక తీసే గ్యాంగులోకి వెళ్లాలి.

పెద్దాయనది మట్మారి వైపు ఊరు. పదకొండేళ్లుగా టెంపరరీ. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

“సారూ, తట్ట ఎత్తేటి మోకాళ్లు కావు ఇవి. పూడిక గ్యాంగుల ఏస్తే వారం గూడ నిలవ. నాకు జెర బరాబర్ నేర్పు.”

నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. పాలిటెక్నిక్‌లో ఉండగా ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. చదువంటే అలవాటు అన్నది దాని సారాంశం. పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చెయ్యి, ప్రతి ముక్కకూ ఒక ప్రశ్న వెయ్యి, సరైన జవాబుకు వెంటనే మెప్పు చూపు. నేర్చుకునేవాడి బుర్రలో ఏముందో అడగనక్కరలేదు, చేతిలో ఏం జరుగుతోందో చూస్తే చాలు. యంత్రాలు చదువుకున్న నాకు ఆ మాట బాగా నచ్చింది.

డబ్బా అందులోంచి పుట్టిందే. డబ్బా మూత మీద ఎడమవైపు పన్నెండు మేకులు, ఒక్కో మేకు పక్కన గేజీ బొమ్మ. కుడివైపు పన్నెండు మేకులు, వాటి పక్కన అంకెలు. ఒక తీగ బొమ్మకూ, ఇంకో తీగ సరైన అంకెకూ ఆనిస్తే బల్బు వెలుగుతుంది.

రెండు రోజులు అందరూ తడబడ్డారు. మూడో రోజు నుంచి పెద్దాయన చెయ్యి ఆగలేదు. ఆరుగురిలో గోరేబాళ దగ్గరి క్యాంపు నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల అబ్బాయి.

“తాతగారండీ, మీరిలా వెలిగిస్తా ఉంటే ఇంక ఊళ్లోకి కరెంటెందుకండీ?” అన్నాడు.

“మీ క్యాంపుల రోజూ పోతది గద కరెంటు. ఈ డబ్బ తీస్కపోయి పెట్టుకో,” అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండానే.

ఐదో రోజు ఆయన పన్నెండు జతలనూ వరసగా మూడుసార్లు వెలిగించాడు. నోటుపుస్తకంలో ‘36కి 36’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఇలాంటి డబ్బాలు డివిజనంతటా పెట్టించాలని పై ఆఫీసుకు రాయడానికి కాగితం కూడా తీశాను.

ఆరో రోజు అందరినీ కాలువలోకి దిగే మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. నీళ్లు ఒక మీటరు ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి. పెద్దాయన చూసి చీటీ రాసిచ్చాడు. 1-8.

కుర్రాడు తొంగి చూశాడు. “ఒకటి పాయింట్ ఎనిమిదాండీ? అయితే ఈపాటికి మనం తేలిపోతా ఉండాలండీ తాతగారూ!”

“డబ్బాలో ఇదే అంకె ఉంది కదా పెద్దాయనా. సరిగ్గానే వెలిగించారు కదా?” అన్నాను.

“డబ్బల అంకె ఎవడు జూసిండు సారూ? ఎడమ దిక్కు నాలుగో మేకు, కుడి దిక్కు కింద నుంచి రెండోది. నువ్వు బల్బు వెలిగించుమన్నవ్, వెలిగించిన. కాల్వల బల్బు యాడుంది?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా డబ్బా నేర్పింది మేకుల వరస. దాన్ని ఆయన ఒక్క తప్పు లేకుండా నేర్చుకున్నాడు. ఇక మిగిలింది నాలుగు రోజులు.

ఏడో రోజు పొద్దున డబ్బాను బెంచీ కిందికి తోసేశాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. “నిన్న ఆ 1-8 ఎలా రాశారో చెప్పండి.”

చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. “ఒక మీటర్ నిండింది. దాని మీద ఎనిమిది గీతలు. అందుకే ఒకటి, అడ్డగీత, ఎనిమిది. పాత పలక మీద మూడడుగుల ఐదంగుళాలుంటే మూడు, అడ్డగీత, ఐదు అని రాస్తుంటి. పదకొండేండ్లు గట్లనే రాస్తి. ఎవ్వడు తప్పనలే.”

“ఆ రోజు పంపిన 1-5 కూడా?”

“మీటర్ మీద ఐదు. ఆఫీసోల్లు డేడ్ మీటర్ అనుకున్నరట. డేడ్ మీటర్ నీల్లొస్తే ఈ కట్ట ఉంటదా సారూ? గంత తెల్వదా ఆల్లకు?”

ఆయన కన్ను పొరపడలేదు. నీళ్లను సరిగ్గానే చూశాడు, పాత పద్ధతిలో రాశాడు. ఆ మాట ఆయన్ని అడిగినవాళ్లు అంతవరకూ లేరు, నాతో సహా.

అయినా పని మిగిలే ఉంది. మట్టిలో మూడు గడులు గీసి, మీటర్లు, పదులు, ఒకట్లు అని చెప్పాను. నడుమ గడిలో సున్నా ఎందుకు రాయాలో మూడు విధాలుగా చెప్పాను. మూడుసార్లూ ఒకటే అడిగాడు. “లేనిదాన్ని ఎందుకు రాయాలె?”

అంతలో రోజూ హాజరు వేసే మేస్త్రీ పట్టీ తెచ్చాడు. ఆ రోజు క్యాంపు కుర్రాడు రాలేదు. మేస్త్రీ వరసగా టిక్కులు పెడుతూ, వాడి గడిలో సున్నా చుట్టి ముందుకు పోయాడు. తన గడి నిండేదాకా పట్టీ మీంచి చూపు తిప్పకపోవడం పెద్దాయన అలవాటు. ఆ రోజు తన గడి నిండాక కూడా చూస్తూనే ఉన్నాడు.

“ఆ పిలగాడు రానే లేదు. గడిల ఏం రాసినవ్?”

“సున్నా. గైర్‌హాజర్,” అన్నాడు మేస్త్రీ.

“ఖాళీ ఉంచితే ఏమైతది?”

“వెనకటోడి హాజర్ వీడి గడిలకి వస్తది. పట్టీ అంత ఖరాబ్.”

పెద్దాయన నా దగ్గరికి వచ్చి పుల్ల తీసుకుని గడుల ముందు గొంతుక్కూర్చున్నాడు. “మీటర్ హాజర్, ఒకటి. ఒకట్లు హాజర్, ఎనిమిది. నడుమ పదులు గైర్‌హాజర్. రాకున్నా దాని జగ దానిదే. గంతేనా సారూ?”

“అంతే,” అన్నాను.

ఆ తర్వాతి రెండు రోజులూ కట్ట మీద అదే కేక. ఒకరు పలక చూడడం, మిగతావాళ్లు “పదులు హాజరా, గైర్‌హాజరా?” అని అరవడం. తిరిగొచ్చిన కుర్రాడితో పెద్దాయన అన్నాడు, “నిన్న నువ్వు సున్నా అయినవ్ బిడ్డా. మంచి పనికొచ్చినవ్.”

కొన్నేళ్లకు నాకు ఇంకో పుస్తకం దొరికింది. కొత్త సంగతి ఏదైనా, మనిషికి అప్పటికే తెలిసినదాన్ని పట్టుకునే నిలబడుతుందని అందులో ఉంది. చదువుతున్నంతసేపూ నాకు ఆ హాజరు పట్టీయే కనిపించింది. ఇప్పుడు స్లైడ్ల యంత్రం వెలిగించే ముందు నల్లబల్ల మీద ‘మీకు ముందే తెలిసినవి’ అని రాసి, కింద ఖాళీ వదిలి, సుద్దముక్క వాళ్లకిస్తాను. ఒక్కోసారి ఆ రోజంతా యంత్రం వెలిగించే పనే పడదు. డబ్బా నా దగ్గరే ఉంది. బల్బు మాడిపోయింది, మార్చలేదు.

పదో రోజు ఇంజనీరుగారు జీపులో వచ్చారు. చేతిలో పాత ఫైలు, అందులో ఆ 1-5 చీటీ. పొద్దున్నే మనిషిని పంపి, నీళ్లు తనకు కావలసిన మట్టానికి వచ్చేలా తలుపు సర్ది పెట్టించారని తర్వాత తెలిసింది. ముందుగా పెద్దాయన్నే పిలిచారు.

“ఎష్టిదె?” అన్నారు కన్నడంలో, ఎంతుందని.

పెద్దాయన మోకాలు పట్టుకుని మూడు మెట్లు దిగాడు. అల తగ్గేదాకా ఆగాడు. వేలితో గాలిలో గీతలు లెక్కపెట్టాడు.

ఇంజనీరుగారు ఫైలు చూస్తూ అన్నారు. “వన్ ఫైవా?”

పై అధికారులు అన్నదానికి ఔననడం ఆ కట్ట మీద అందరికీ అలవాటు.

“కాదు సాహెబ్,” అన్నాడు పెద్దాయన. “పదులు గైర్‌హాజర్.”

ఇంజనీరుగారు అర్థంకానట్టు నావైపు చూశారు. పరీక్షలో నేను నోరు విప్పకూడదు. ఆయన రిజిస్టరు చాచారు. పెద్దాయన పెన్సిలు నాలుక మీద తడిపి రాశాడు. ఇంజనీరుగారు బూట్లతోనే మెట్లు దిగి, పలక చూసుకుని, ఆ అంకె పక్కన సంతకం చేసి, “ఇవ్రు ఇల్లే ఇర్లి” అన్నారు. ఈయన్ని ఇక్కడే ఉండనివ్వండి అని.

ఆ పేజీలో ఉదయం ఎనిమిది గంటల రీడింగు 1.05.