సాక అడిగిన నోరు

మా తమ్ముడు కల్లు ఎలా మానేశాడో మా వాడలో ఒక కథ చెప్పుకుంటారు. అమ్మవారు కొంతకాలం వాడి మీద ఉండి, సాకగా పోసిన కల్లు తాగి, తృప్తిపడి, వాణ్ణి విడిచి వెళ్లిపోయిందట. ఆమెతో పాటే వాడి కల్లూ పోయిందట. సంగారెడ్డి వైపు చుట్టాలది ఇంకో కథ. నోరున్న అక్కను నేను, తిట్టి తిట్టి మాన్పించానంటారు. ఇది వింటే కొంచెం గర్వంగానే ఉంటుంది కానీ ఇదీ అబద్ధమే. తిడితే మానేవాడైతే మీసాలు రాకముందే మానేవాడు. పెళ్లిళ్లలో ఎవరు ఈ కథలు ఎత్తుకున్నా నేను అడ్డుపడతాను. "నీతోని వాదించలేం తల్లీ" అని ప్లేట్లు పట్టుకుని పక్కకు జరుగుతారు. అందుకే రాస్తున్నాను. కాగితం పక్కకు జరగదు.

తొంభైల మొదట్లో అమ్మ, తమ్ముడు, నేను పటాన్‌చెరులో, ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడే వాడలో ఉండేవాళ్లం. నేను బీఎస్సీ చదివి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. వాడు మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వస్తే వాడి చొక్కా, వెంట్రుకలు, చివరికి వాడు నీళ్లు తాగి దించిన గ్లాసు కూడా ఏదో తియ్యని కంపు కొట్టేవి. నాలుక మీద ఆ రుచి పోవాలంటే కల్లే తాగాలని అక్కడ పనిచేసే వాళ్లందరి నమ్మకం. పైగా కల్లు తాగుడు కింద లెక్కే కాదు. బ్రాందీ తాగినవాడు తాగుబోతు, కల్లు తాగినవాడు ఒంటికి చలువ చేసుకున్నవాడు.

అది చెట్టు నుంచి దిగిన కల్లయితే నేనూ ఊరుకునేదాన్నేమో. మా వైపు దుకాణాల్లో సీసాల్లో పోసేది నీళ్లు, మత్తుపొడి, చక్కెర. ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఊరి నుంచి అసలు చెట్టు కల్లు తెచ్చి పోస్తే, "ఇందుల ఏమున్నదే, ఉత్త నీళ్లు" అని పారబోసేవాళ్లు.

వాడు షిఫ్టులు ఎగ్గొట్టడం మొదలుపెట్టాక అమ్మ వాణ్ణి ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి గుడికి తీసుకెళ్లి ఒట్టు వేయించింది. "ఇగ చుక్క ముట్ట తల్లీ" అన్నాడు వాడు. మనసారానే అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. మా కష్టమంతా అక్కడే మొదలైంది.

రెండు మూడు రోజులకే వాడికి వణుకు పట్టుకుంది. పళ్లు బిగుసుకున్నాయి. కళ్లు ఇంట్లో రోలు పక్కనున్న మూల మీద నిలిచిపోయాయి. ఆ మూలలో ఎవరో ఉన్నట్టు గొణుగుతున్నాడు. అమ్మ పసుపు తెచ్చింది, పక్కింటామె వేపమండ తెచ్చింది. పూనకం వచ్చినవాళ్లను అడిగినట్టే అడిగారు.

"ఎవరు తల్లీ నువ్వు? ఏం గావాలె నీకు?"

వాడి నోరు కదిలింది. "సాక. సాక పొయ్యి."

బోనాల్లో అమ్మవారికి సాకగా పోసేది కల్లే కదా. అమ్మ పరుగున సీసా తెప్పించి కొంత నేల మీద, కొంత వాడి నోట్లో పోసింది. కాసేపటికి వణుకు ఆగింది. వాడు పసిపిల్లాడిలా నిద్రపోయాడు. వాకిట్లో అందరూ చేతులు జోడించారు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

"అమ్మా, వాడు కల్లు మానిండు, ఒళ్లు కల్లు అడుగుతున్నది. గంతే" అన్నాను.

"నీ డిగ్రీ తీస్కపొయ్యి నీ బడిల పెట్టుకోయే. ఇది ఇల్లు" అంది అమ్మ.

ఆ తర్వాత వాడు ఎప్పుడు మానబోయినా అమ్మవారు వచ్చేది. ఎప్పుడు వచ్చినా సాక అడిగేది. మంగళవారాలు మా వాకిట్లో జనం కూర్చోవడం మొదలైంది. తప్పిపోయిన బర్రె గురించి, కుదరని సంబంధం గురించి వాణ్ణి అడిగేవారు. వాడు వణుకుతూ ఏదో ఒకటి అనేవాడు. నేను గుమ్మంలో నిలబడి ప్రతి జవాబులో తప్పులు పట్టేదాన్ని. బర్రె తూర్పున ఉందన్నాడు, సంగారెడ్డి సంతలో దొరికింది. అది మాకు పడమర.

ఒక్క జవాబులో మాత్రం తప్పు పట్టలేకపోయాను.

మా వెనక గల్లీలో కిరాయికి ఉండే ఒకామె భర్త, తమ్ముడి షిఫ్టులోనే పనిచేస్తూ, తొట్టి కడగడానికి దిగి ఊపిరాడక చనిపోయాడు. ఆమె ఒక మంగళవారం వచ్చి అందరికంటే వెనక కూర్చుంది. తన వంతు వచ్చినా నోరు తెరవలేదు. తమ్ముడే ఆ మూల నుంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"కుండ మీద మూత పెట్టుకో. నాకిగ దూప లేదు."

ఆమె లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు నేను వెతుక్కుంటూ వెళ్లి అడిగితే చెప్పింది. షిఫ్టు నుంచి రాగానే ఆయన దాహమంటూ కుండలో చెంబు ముంచి నీళ్లు తాగేవాడట. పోయినప్పటి నుంచి ఆమె రోజూ పడుకునే ముందు తలుపు గడియ పెట్టి, తల దగ్గర కుండ పెట్టుకుని, మూత తీసి పడుకునేదట.

"ఈ ముచ్చట నేను ఎవ్వరికి చెప్పలేదక్కా. నిన్న మూత పెట్టిన. నిద్ర వట్టింది" అంది.

కొన్నాళ్లకు కల్తీ కల్లని దాడులు చేసి వాడలో దుకాణాలన్నీ మూసేశారు. ఆ వారం చివరికి మా తమ్ముడి మీదికే కాదు, పక్కింటామె మీదికి, ఆమె మొగుడి మీదికి, మూలమలుపు మీద ఇస్త్రీ చేసే ఆయన మీదికి కూడా అమ్మవారు వచ్చింది. ఒకడు గోడకు తల కొట్టుకుంటున్నాడు. ఒకామె లేని పురుగులను చీర మీది నుంచి దులుపుకుంటోంది. అందరి నోటా ఒకటే మాట, కల్లు.

"వాడకట్టుకంతా ఒక్కసారే వస్తదా అమ్మా అమ్మవారు? దుకాణం బందైందని ఆమెకు ఎవరు చెప్పిన్రు?" అన్నాను.

అమ్మ చేతిలోని పసుపు గిన్నె కింద పెట్టింది. అప్పుడే తమ్ముడు కట్టెలా బిగుసుకుని, నోట నురగ కక్కుతూ పడిపోయాడు. ఆ వాదన గెలిచినందుకు నాకు సంతోషం లేదు.

సర్కారు దవాఖానలో డాక్టరు నన్ను, అమ్మను కలిపి తిట్టాడు. ఇలాంటి కల్లు ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం పోతుంది, మందులిచ్చి మెల్లమెల్లగా దించాలి అన్నాడు. వణుకు తగ్గి ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మందులు వణుకు ఆపుతయమ్మా. దుకాణం ముంగటికెళ్లి పోయేటప్పుడు కాళ్లను ఆపయి. ఆదివారం పొద్దుగూకంగ దవాఖాన ఎనక బడిల తాగుడు మానెటోళ్లు కొంతమంది కూసుంటరు. మా ఇంటాయన గూడ పోతడు. పేర్లు అడగరు."

అది చిన్నపిల్లల బడి. నల్లబల్ల మీద ఎక్కాలు, కింద పొట్టి బెంచీలు. పెద్ద పెద్ద మగవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. అందరికీ పెద్ద, ఒకప్పటి లారీ డ్రైవరు. "నేను తాగుబోతును" అని మొదలుపెట్టి తన సంగతి చెప్పాడు. వంతు తమ్ముడిదాకా వచ్చింది.

"నేను తాగుబోతును గాదు. కల్లు తాగెటోన్ని" అన్నాడు వీడు.

గది గదంతా నవ్వింది. "గట్లనే కానియ్యి బిడ్డా. కల్లు తాగెటోళ్లకు గూడ బెంచీ ఉన్నది" అన్నాడు పెద్దాయన.

వెనక, తోడొచ్చిన ఇంటివాళ్లకు వేసిన చాప మీద నుంచి నేను ఊరుకోలేకపోయాను. "ముచ్చట చెప్పుకుంటే వణుకు పోతదా?"

"పోదమ్మా. వణికెటోడు ఇంకోడు పక్కన దొరుకుతడు" అన్నాడు ఆయన, నన్ను చూడకుండానే.

తమ్ముడు చాలా ఆదివారాలు మాట్లాడలేదు. ఒకనాడు తలొంచుకుని అమ్మవారి సంగతి చెప్పాడు. మూలలో ఎవరో నిలబడేవారని, తన నోరు తనది కాదనిపించేదని. అప్పుడు బీహారు నుంచి వచ్చి ఇనుము కరిగించే చోట పనిచేసే ఒకతను అన్నాడు. "మేరేకో భీ ఆతా థా భాయ్. హమారే ఉధర్ ఉస్కో భూత్ బోల్తే. మేరేకో ఖాట్‌సే బాంధ్ దియే."

అతనికీ వచ్చేదట. వాళ్ల దగ్గర దయ్యమన్నారు, మంచానికి కట్టేశారు. మా దగ్గర దేవతన్నాం, కల్లు పోశాం. తమ్ముడు బెంచీ మీద జరిగి అతని పక్కకు చేరాడు. ఆ రోజు ఇంటికి వచ్చే దారిలో దుకాణం ముందు నుంచే నడిచాం. దుకాణం మళ్లీ తెరిచి ఉంది. వాడు నా కొంగు చివర చిన్నప్పటిలా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నావని నేను అడగలేదు, అడగకుండా ఉండటం నాకు ఎంత కష్టమైనా.

వాడు మానేసి కొన్ని నెలలైంది. మంగళవారాలు వాకిలి ఖాళీగా ఉంటోంది. ఒకరోజు వెనక గల్లీ ఆమె వచ్చింది. ఊరికి వెళ్లిపోతోంది. కొంగు చాటున కల్లు సీసా.

"తమ్మీ, ఒక్కసారి పిలువు. పోయేముందు ఆయన మాట ఇంకొక్కటి ఇంటా."

సీసా వాడి ముందు గడప మీద పెట్టింది. అమ్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. వాడి చేతులు ఒళ్లోనే ఉన్నాయి, కానీ వేళ్లు కదులుతున్నాయి. సైన్సు చెప్పడానికి నేను నోరు తెరిచాను. వాడు నాకంటే ముందే అన్నాడు.

"నాకిగ రాదు వదినె. ఇడిసిపెట్టింది."

ఆమె సీసా తీసుకుని, వాకిట్లో వేపచెట్టు మొదట్లో ఒంపి, దండం పెట్టి వెళ్లిపోయింది. వాడలో తిరిగే కథ అక్కడ పుట్టింది. పుట్టించింది వీడే.

"నిజం చెప్పొద్దారా? వచ్చింది అమ్మవారు గాదని, మత్తుమందని?" అని గొడవపడ్డాను.

"చెప్తే? ఆమె నిద్రవోతున్నది గదక్కా. లేపమంటవా?"

అమ్మ తాను పోయేదాకా ఆ రోజు సంగతి ఎత్తలేదు. తమ్ముడు ఇప్పటికీ ఆదివారం వెళ్తాడు. కొత్తవాళ్లకు బెంచీ చూపించేది ఇప్పుడు వాడే. ఇంటికి రంగులు వేయించాం, రోలు తీసేశాం. అయినా ఆ మూలలో ఏమీ పెట్టం. ఎవరూ వద్దనలేదు. పెట్టం, అంతే.

కల్లు ఏం చేస్తుందో, మానితే ఏం చేస్తుందో అంతా తర్వాత చదివాను, అడిగి తెలుసుకున్నాను. కుండ లేని ఇల్లు ఉండదు, ఏదో గుడ్డిదెబ్బ తగిలిందిలే అని నాకు నేనే చెప్పుకుంటాను. కుండ అందరికీ ఉంటుంది, సరే. మూత తీసి పడుకునేవాళ్లు ఎందరుంటారు? గడియ పెట్టిన తలుపు వెనక అది చూసిందెవరు? ఎన్నిసార్లు అడిగినా వాడు "యాదికి లేదక్కా" అంటాడు. అనేటప్పుడు నా వైపు చూడడు, ఆ మూల వైపూ చూడడు.

ఈ ఒక్కదానికి జవాబు చెప్పరా తమ్ముడూ, ఇంకేం అడగను. ఆ కుండ సంగతి నీకు ఎవరు చెప్పిన్రు?