మేకపిల్ల తప్పిపోయిన పేజీ

మా ఆయన రాతి అచ్చు ప్రెస్సులో మిషను మీద పనిచేసేవారు. యుద్ధం రోజులవి. ఆ ప్రెస్సులో పిల్లల కోసం ఒక ఉర్దూ మాసపత్రిక అచ్చయ్యేది. దానికి బొమ్మలు వేసే మనిషి బొంబాయి వెళ్లిపోయాడు. ఒక సాయంత్రం మా ఆయన నా ముందు కాగితం పెట్టి, "మీ బాపుతోని దుకాణాల బోర్డులకు బొమ్మలేసినవ్ గద, గిది గూడ ఎయ్యరాదు?" అన్నారు.

ఒక పేజీలో ఆరు గళ్లు, ఆరు గళ్లలో ఒక కథ. ముసలమ్మ మేకపిల్ల తప్పిపోతుంది. ఆమె బజారంతా అరుస్తూ వెతుకుతుంది. చివరికి అది గాజుల దుకాణంలో బుట్టల వెనక నిద్రపోతూ దొరుకుతుంది.

నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మాటలు రాసే పని కాతిబ్ సాబ్‌ది. పత్రికంతా ఆయన చేతిరాతే. లాడ్ బజార్ వెనక మా గల్లీలోనే ఉండేవారు. పెన్సిలు బొమ్మలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె కాగితాన్ని మంచం మీద పరిచి చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"బిడ్డా, నీ ముసలామె మేకను ముందుగాల దొరకబట్టి ఎన్క పోగొట్టుకున్నది!"

నాకు అర్థం కాలేదు. ఆమె కుడివైపు గడి మీద వేలు పెట్టింది. "మేం గీ దిక్కుకెళ్లి ఎడమకు చదువుతం."

సిగ్గుతో తల వంచుకున్నాను. "ఫికర్ చెయ్యకు, పెన్సిలే గద" అని పక్కన కూర్చోబెట్టుకుంది. గళ్లు అటూ ఇటూ మారిస్తే సరిపోలేదు. మేక ఎడమవైపుకు పరుగెత్తాలి, ముసలమ్మ అటే చూడాలి. అన్నీ మళ్లీ వేశాను. "గీమె నోరు తెరిచింది గని, మాటకు జాగా ఏది?" అంది ఖాలా. ఎంతో ముచ్చటపడి వేసిన గాజుల అర ఒకటి చెరిపేశాను.

ఇంతసేపూ సాబ్ ఎదురు మంచం మీదే ఉన్నారు. కాగితం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రాసే వేళకు కలం ఖాలా చేతిలోకి తీసుకుంది. నేను తెల్లబోవడం ఆయనకు తెలిసినట్టుంది.

"ఎనిమిది నెలలైంది బేటీ, కండ్లకు పొగ కమ్మినట్టుంటది. రాసేది ఈమెనే. ప్రెస్సు మాలిక్‌కు తెల్వదు. తెలిస్తే ఇంకెవరినన్న పెట్టుకుంటడు."

ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు.

అసలు బొమ్మ పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో వేయాలి. దాన్ని రాతి మీద బోర్లించి నొక్కితే సిరా రాతికి అంటుకుంటుంది. కాగితం దొరకని కాలం కాబట్టి ప్రెస్సు ఒక్కటే పంపింది. ఆ కాగితానికి వేలు తగిలినా ఆ జిడ్డును రాయి పట్టేస్తుంది. అందుకని మణికట్టు కింద రుమాలు పెట్టుకుని రెండు రోజులు పనిచేశాం. నేను బొమ్మలు సిరాతో దిద్దాను, ఖాలా మాటలు రాసింది. సాబ్ కలం చప్పుడు వింటూ, "ఆ గీత తొందరపడ్డది" అనేవారు. ఖాలా చూసుకుంటే నిజమే.

పేజీ కింద మూలన రాసినవాళ్ల పేరు ఉండాలి.

"నీ పేరు రాయి" అన్నారు సాబ్, ఖాలాతో.

"తోబా! ఇంట్ల ఆడదాని పేరు బజార్లకా?"

"అయితే నాది గూడ రాయకు. నేను రాయలే."

ఆ జాగా ఖాళీగా ఉండిపోయింది.

"ఇగ బొమ్మలల్ల ఏమున్నదో చెప్పు బేటీ" అన్నారాయన. గడి గడీ చెప్పాను. బుట్టల వెనక మేకపిల్ల నిద్ర దగ్గరికి రాగానే నవ్వి, దాన్ని నిమరాలన్నట్టు చెయ్యి చాచారు. "అరె, చెయ్యి!" అని ఖాలా అనేలోపే బొటనవేలు ఆ ఖాళీ మూలన ఆనింది. కాగితం మీద ఏమీ కనిపించలేదు. బతికిపోయాం అనుకున్నాం.

మూడో రోజు మా ఆయన మొదటి అచ్చు ఇంటికి తెచ్చారు. మూలన వేలి గీతలు సన్నగా పడి ఉన్నాయి.

"ఎవరిది గీ ఏలు? రాయి మీద గీకితె పోతది."

నాకు ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. ఆయన ఆ మూలను చాలాసేపు చూశారు. "జాగా ఖాళీగనే ఉన్నది గద. ఉండనియ్యి" అన్నారు.

పత్రిక వచ్చిన వారానికి ప్రెస్సు మాలిక్ కాతిబ్ సాబ్ ఇంటికొచ్చాడు. నేనూ ఖాలా పరదా వెనక ఉన్నాం.

"గీ ఏలిముద్ర ఎవరిది సాబ్?"

"నాదే. అక్షరాలు నావి కావు. మా ఇంటామెవి." ఎప్పటి నుంచి రాస్తోందో కూడా చెప్పేశారు.

ఖాలా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అవతల పత్రిక పేజీలు తిప్పిన చప్పుడైంది.

"ఎనిమిది నెలల సంది నేను గుర్తుపట్టలేదంటే, తప్పు నా కండ్లదే" అన్నాడు మాలిక్. తర్వాత పరదా వైపు తిరిగినట్టున్నాడు, గొంతు దగ్గరైంది. "భాభీ, వచ్చే నెల కథ రేపు పంపిస్త. బొమ్మలేసే బిడ్డకు గూడ చెప్పుండ్రి."

ఖాలా దుపట్టా నోటికడ్డం పెట్టుకుని నా భుజం మీద తల ఆనించింది. ఆమె బదులు నేనే "సరే" అన్నాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆ పేజీ మేమిద్దరమే చేశాం.