ఉప్పు చల్లిన ఐసు

పొగమంచు పట్టిన రోజున ఆ ఊరి పడవలు నరసింగరావు మందుల కొట్లో ఫ్రిజ్ రొద విని ఒడ్డుకి చేరేవని చెబుతారు. అబద్ధమే అనుకోండి. కానీ ఆ ఫ్రిజ్ పక్కన ఓ పూట కూర్చున్నవాడెవడూ దాన్ని అబద్ధమనడు.

భోగాపురం దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఆ జాలరిపేటలో అదొక్కటే మందుల కొట్టు. నరసింగరావుది విజయనగరం. భార్య పోయాక, టౌనులో గోడలతో మాట్లాడే బదులు ఇక్కడ మనుషులతో మాట్లాడొచ్చని వచ్చాడు. మనుషులేమో తెల్లారకుండా వేటకి పోయేవారు, మధ్యాహ్నం పడుకునేవారు. జ్వరం వస్తే తప్ప ఆయన గుమ్మం తొక్కేవారు కాదు. తొక్కినా "ఓ మాత్రియ్యి బావూ" అని పట్టుకుపోయేవారు. చేసేది లేక ఆయన ఫ్రిజ్‌తో మాటలు మొదలెట్టాడు. అందులో థర్మామీటరు ఒకటి వేలాడదీసి, పొద్దున కొట్టు తెరుస్తూ, రాత్రి కట్టేస్తూ తలుపు తీసి "ఒళ్లెలా ఉంది?" అని అడిగేవాడు. రెండు డిగ్రీలకి తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. తేదీ దాటిన మందు దేవుడొచ్చి అడిగినా ఇవ్వడని ఊళ్లో వేళాకోళం.

సాయంత్రం కొట్టు ముందు బల్ల మీద వచ్చి కూర్చునే ప్రాణి ఒక్కటే, నూకయ్య. అతని భార్య అసిరమ్మకి షుగరు. ఇంట్లో ఫ్రిజ్ లేదు గనక ఆవిడ ఇన్సులిన్ కొట్లోనే ఉండేది. నూకయ్య కోతలకి అంతుండేది కాదు. తాను పట్టిన సొరచేప కడుపు కోస్తే అందులోంచి మరో పడవ, ఆ పడవలో ఇంకా ఆరని చుట్ట బయటపడ్డాయన్నాడోసారి. "చుట్ట ఎవరిది?" అని నరసింగరావు అడిగాడే తప్ప కాదనలేదు. ఆ కాసేపటి కోసమే ఆయన మిగతా రోజంతా ఎలాగో నెట్టుకొచ్చేవాడు.

హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డప్పుడు ఆయన సరుకు కోసం విజయనగరం వెళ్లి చిక్కుకుపోయాడు. కొట్టు తాళంచెవి నూకయ్య దగ్గరుంది. గాలి తెరిపిచ్చాక, కూలిన చెట్లు దాటుకుంటూ కొంత లారీ మీద, కొంత కాలినడకన ఊరు చేరాడు. కరెంటు స్తంభాలు పడుకున్నాయి. ఆయన ఫ్రిజ్ మొదటిసారి నోరు మూసుకుంది.

కొట్టు ముందు చేపల ఐసుపెట్టె మీద నూకయ్య కాపలా కూర్చుని ఉన్నాడు.

"వచ్చినావా బావూ! కరెంటు పోతే నాను సూస్తా ఊరుకుంటానేటి? నీ ఇన్సులిన్లన్నీ వంజరాల్లాగ దాసినాను, సూడు."

మొహం వెలిగిపోతుంటే మూత తీశాడు. ఐసు తళతళ మెరిసింది. ఐసు ఫ్యాక్టరీ మూతపడి, ఊళ్లో ముక్క ఐసు దొరకని సమయం. తుఫానుకి ముందు పట్టిన వంజరం చేపలని తీసి బయట పడేసి, ఆ ఐసులో మందు సీసాలు పాతాడట. చేపలు కుళ్లితే ఇసకలో పూడ్చేశాడట.

"బేగి కరిగిపోతాదేమోనని ఉప్పు కూడా జల్లినాను. ఉప్పేస్తే ఇంకా సల్లబడతాది."

ఉప్పు మాట వినగానే నరసింగరావు పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఒక సీసా తీసి ఎండకి ఎత్తి చూశాడు. మందు గడ్డకట్టి కరిగింది. గాజు లోపల బియ్యపు నూకలాగ పలుకులు అంటుకుని ఉన్నాయి. ఇంకోటి తీశాడు. అదీ అంతే. అన్నీ అంతే.

పక్కన అసిరమ్మ నిలబడి ఉంది. పొద్దుటి సూది ఇంకా పడలేదు. సీసా తుడిచి చేతిలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. నూకయ్య మొహంలో ఆ వెలుగు అలాగే ఉంటుంది. సాయంత్రం బల్ల మీద ఇంకో సొరచేప వినొచ్చు.

"ఇవి పనికిరావు నూకయ్యా," అన్నాడు నరసింగరావు. "గడ్డకట్టేశాయి. ఒకసారి గడ్డకట్టిందంటే ఆ మందుని నమ్మడానికి లేదు."

"ఐసులో ఎట్టినది పాడవడమేటి?"

"చేపకి ఎంత చల్లనైతే అంత మంచిది. దీనికి కాదు."

పక్క ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్న గున్నమ్మ కిసుక్కుమంది. "కాపలా కాయమంటే గడ్డకట్టించీసినాడమ్మా మా నూకయ్య! రేపు సముద్రాన్ని సూడమంటే దానికీ ఉప్పేసీగలడు."

చుట్టూ చేరినవాళ్లు గొల్లుమన్నారు. నూకయ్య నవ్వలేదు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నా సేపలు కుళ్లబెట్టుకున్నాను నీకోసరం. నువ్వా ఫ్రిజ్జుతోనే మాటాడుకో బావూ."

పాడైన సీసాలని వేరే డబ్బాలో పెట్టి, మూతకి అంటుపట్టీ వేసి, పైన 'వాడరాదు' అని రాసి, నరసింగరావు వచ్చిన దారినే తిరిగి వెళ్లాడు. టౌనులో జనరేటరు నడుస్తున్న మందుల షాపులో కొత్త ఇన్సులిన్ తీసుకుని, తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చాడు. అసిరమ్మ ఇంటి గుమ్మంలో అందుకుంది. లోపల నూకయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయేవాడి వీపులా లేదది.

కరెంటు వచ్చింది. ఫ్రిజ్ మళ్లీ రొద పెట్టింది. బల్ల మీదకి ఎవరూ రాలేదు. నూకయ్య ఒడ్డుకి అవతలి సందులోంచి పోతున్నాడు, చుట్టు దారైనా.

ఓ సాయంత్రం అసిరమ్మ మందుకొచ్చి వెంటనే కదల్లేదు.

"బావూ, మా మావ అడగమన్నాడు. తనడిగినట్టు సెప్పొద్దన్నాడు."

"ఏమిటమ్మా?"

"ఐసెట్టకుండా ఏటి సేసుంటే ఆ మందు బతికేదీ అని."

నరసింగరావు ఫ్రిజ్ వైపు చూశాడు. ఫ్రిజ్ ఏ సలహా ఇవ్వలేదు.

"ఫ్రిజ్ నెలల తరబడి నిలవకే. ఏమీ చెయ్యకుండా నీడపట్టున వదిలేసినా ఆ కొద్దిరోజులకి పాడయ్యేది కాదమ్మా."

అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఏడ్చిందో.

"ఆ మాట నాను సెప్పను బావూ. సెప్తే ఇంక ఈ జన్మకి ఇటు రాడు."

"మరేం చెబుతావు?"

"బావు మరిసిపోనాడంతాను."

ఆవిడ వెళ్లిపోయింది. నరసింగరావు బల్ల మీద, నూకయ్య చోటు ఖాళీగా వదిలి, తనెప్పుడూ కూర్చునే చివరనే కూర్చున్నాడు. చీకటి పడ్డాక కొట్టు కట్టేస్తూ ఫ్రిజ్ తలుపు తీశాడు. థర్మామీటరు సరిగ్గానే ఉంది. "ఒళ్లెలా ఉంది?" అని మాత్రం అడగలేదు.