వేలికంటిన బొట్టుబిళ్ళ

నేను చెప్పేది రాస్తున్నావా అమ్మడూ? ఆ రోజు తణుకులో బస్సెక్కాను. వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళు "హల్లెలూయా బ్యాచ్" అని ఎవరినో వెక్కిరిస్తూ ఒకటే నవ్వు. నేను బైబిలున్న సంచిని మెల్లగా సీటు కిందకి తోసేశాను. దేవుడికి సీటు కింద కనపడదనుకున్నానేమో మరి!

పక్కనున్నావిడ నా మొహం చూసి, "బొట్టు లేదేంటండి?" అంది.

"ఊడిపోయినట్టుందండి," అనేశాను. పుట్టి బుద్ధెరిగాక బొట్టే పెట్టుకోని దాన్ని, ఊడిపోవడానికి ఎక్కడిదే!

ఆవిడ పాపం పర్సులోంచి అట్ట తీసి, ఒక బిళ్ళ ఒలిచి నా వేలికి అంటించింది. "పెట్టుకోండి. మెళ్ళో తాళి ఉంచుకుని బోసి నుదురేంటండి?"

ఇక చూడు నా అవస్థ. పెట్టుకోలేను, పారేయలేను. ఆ వేలు అలా పైకెత్తుకునే ఉన్నాను. నిడదవోలు దాటింది. కొవ్వూరు దగ్గర పడింది. ఆవిడ దిగడానికి లేస్తూ, "ఇంకా పెట్టుకోలేదా? అద్దం ఇమ్మంటారా?" అంది.

"అద్దం వద్దండి. అసలు ఊడిపోలేదు. నేను పెట్టుకోను. మేము క్రైస్తవులమండి." వెనక సీటుకి కూడా వినపడేంత గట్టిగా వచ్చింది గొంతు. వెనక నవ్వు ఆగింది.

ఆవిడ మాత్రం ఫక్కున నవ్వింది. "ఆ మాట తణుకులోనే అంటే మీ చెయ్యి నొప్పెట్టేది కాదు కదండీ!" అని, నా వేలి మీది బిళ్ళ తీసి అట్టకి అంటించుకుని దిగిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా నా నుదుటి వంక చూస్తే, ముందు ఆ వేలు దురద పెడుతుందే.