రెక్క ఆడని రోజున

వాన జల్లుకు మా ముందు గదిలోని పాత జంపఖానా తడిసింది. ఎండలో వేద్దామని ఎత్తానో లేదో, తడి నూలు వాసన గుప్పుమంది. ఇక చూడండి, వరంగల్‌లోని ఆ రేకుల షెడ్డు, మగ్గాల చప్పుడు, ఆ చప్పుడును మించిన సుగుణ పెద్దమ్మ గొంతు, అన్నీ వచ్చి ఎదుట నిలబడ్డాయి. పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు. జంపఖానాలు నేయించే ఆ షెడ్డు యజమానురాలు. మా అమ్మ యాదమ్మ అక్కడ కూలికి నేసేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ నల్లా దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేలోగా ఆ చేత్తో పనిచేస్తే ఇక జన్మలో మగ్గం ముట్టలేవన్నారు దవాఖానలో. నాన్న లేడు. ఇల్లు నడిచేది అమ్మ కూలితోనే. అందుకే వారం తిరక్కుండానే కట్టుచేత్తో షెడ్డుకు బయల్దేరింది. ఆపలేక నేనూ వెంట నడిచాను. లోపలికి వెళ్లి చూద్దుము గదా, అమ్మ మగ్గం మీద పెద్దమ్మ కూర్చుని నేస్తోంది!

"ఎందుకొచ్చినవే?" అని కసిరింది.

"రెక్కాడితెనే గదక్కా డొక్కాడేది," అంది అమ్మ.

"ఆ సామెత నా షెడ్డుల చెల్లదు. రెక్క ఆడకున్నా డొక్క ఆడాలె. పొద్దుగాల అందరం వంతులేసుకొని జరంత జరంత నీ మగ్గం నేస్తానం. గా తర్వాతనే ఎవల మగ్గం వాళ్లది. నీ కూలి నీకొస్తది, ఇంటికి పో."

"నాకు ధర్మం వద్దక్కా."

"ధర్మమెవలు చేస్తాండ్లే? రాధ కాన్పుకు పోతే దాని మగ్గం నువ్వు నెయ్యలేదా? గప్పుడు నువ్వు చేసింది ధర్మమా?"

అమ్మ గుమ్మం వైపు తిరిగింది. నేనైతే నోరు తెరుచుకుని పెద్దమ్మనే చూస్తుండిపోయాను.

కట్టు విప్పేసరికి అమ్మ చెయ్యి బాగైంది. మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు, మగ్గం మీదున్న జంపఖానాను తడిమి ఒకచోట ఆగి పకపకా నవ్వింది. "ఇది నీ నేతే అక్కా, గింత వదులా!"

"నాకు మాట గట్టి, నేత వదులు. గిది ఎవలు కొంటరు గని, నువ్వే తీస్కపో," అంది పెద్దమ్మ.

నేనిప్పుడు హన్మకొండలో బీమా ఏజెంటును. జబ్బు చేసో దెబ్బ తగిలో పని ఆగినవాళ్లకు నెలనెలా ఆదాయం ఇచ్చే పాలసీలు అమ్ముతాను. ట్రైనింగులో మొదటిసారి దాని గురించి విన్నప్పుడు అనుకున్నాను: అరే, ఇది మా పెద్దమ్మ షెడ్డే కదా! ఆవిడకు ఆ ఆలోచన ఎక్కణ్నుంచి వచ్చిందో, తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే. అడుగుదామంటే ఆవిడ లేదు.

"పాలసీ అంటె ఏంది మేడం?" అని ఇంటికొచ్చి ఎవరైనా అడిగితే ముందు కాగితాలు తియ్యను. ఆనాడు అమ్మ తెచ్చుకున్న ఈ జంపఖానాలో వదులుగా ఉన్న ఆ జానెడు నేత మీద వాళ్ల చెయ్యి పెట్టిస్తాను.

"ఇగో, మా అమ్మ చెయ్యి ఇరిగిననాడు మాకు అన్నం పెట్టింది గిదే," అంటాను.